గోదావరి డెల్టా లేమి పటం: జియోపాండాస్‌తో చేస్తున్న పని డైరీ

జూన్ 7

మా అమ్మ పుట్టిల్లు గోదావరి పాయల మధ్య ఒక లంక. చిన్నప్పుడు వేసవి సెలవులకి ఇసుకలో నడిచి వెళ్ళేవాళ్ళం, దసరాకి పడవలో వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు కాజ్‌వే ఉంది. వరద వస్తే అది మునిగిపోతుంది, మళ్ళీ పడవే దిక్కు. పాము కరిచినా, పురిటి నొప్పులొచ్చినా రేవు దగ్గర నిలబడి పడవ కోసం ఎదురుచూడాల్సిందే.

కోనసీమ అనగానే అందరికీ కొబ్బరితోటలు గుర్తొస్తాయి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేల పచ్చబడింది, ఆ మాట నిజమే. ఆ పచ్చదనం మధ్యలో ఏ ఊళ్ళో ఏది లేదో ఒక్కచోట చూపించే పటం కోసం చాలా రోజులు వెతికాను. ఇక నేనే గీద్దామనుకున్నాను. శని, ఆదివారాల్లో పని. ఏం చేశానో, ఎక్కడ తప్పానో ఇక్కడ రాసుకుంటాను. ఇంకో జిల్లావాళ్ళు ఇదే పని మొదలుపెడితే కొన్ని వారాలు కలిసొస్తాయి.

నాకు ఈ ఆలోచన ఇంగ్లండ్ లేమి సూచీ చూసినప్పుడు వచ్చింది. 2019 సూచీలో ఆ దేశాన్ని 32,844 చిన్న ముక్కలు చేశారు. ఒక్కో ముక్కలో సగటున 1,500 మంది ఉంటారు. ఆదాయం, ఉపాధి, చదువు, ఆరోగ్యం, నేరాలు, ఇల్లూ సేవలూ అందడం, పరిసరాలు అని ఏడు వైపుల నుంచి కొలిచి ప్రతి ముక్కకీ ర్యాంకు ఇచ్చారు. ఈ పేటకీ ఆ పక్క పేటకీ ఉన్న తేడా మ్యాప్‌లో కనిపిస్తుంది. మన నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ 12 సూచికలతో మంచి పనే చేసింది గానీ జిల్లా దగ్గర ఆగిపోతుంది. నాకు మండలం కావాలి, కుదిరితే ఊరు కావాలి.

సరంజామా: పైథాన్, పట్టికలకి పాండాస్, ఆ పట్టికలని మ్యాప్ చెయ్యడానికి జియోపాండాస్, రంగుల తరగతులు విడదీయడానికి మ్యాప్‌క్లాసిఫై, కంటితో సరిచూసుకోవడానికి క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్. డేటా 2011 జనగణనలో ఇళ్ళ పట్టికలు. బాగా పాతది, తెలుసు. ఊరి స్థాయి దాకా అందరినీ ఒకే ప్రశ్నలు అడిగిన లెక్కల్లో ఇంతకంటే కొత్తది లేదు.

జూన్ 8

మొదటి మ్యాప్ వచ్చింది. మొత్తం బూడిదరంగు. ఒక్క మండలానికీ విలువ అతకలేదు.

కారణం పట్టుకోవడానికి మూడు గంటలు పట్టింది. జనగణనలో ప్రతి మండలానికీ ఐదు అంకెల కోడ్ ఉంటుంది. దేశం మొత్తంలో ఇలాంటి ఉప జిల్లాలు 5,924 మాత్రమే, కాబట్టి ప్రతి కోడ్ సున్నాతో మొదలవుతుంది. పాండాస్ ఆ కాలమ్‌ని అంకెగా చదివి ముందున్న సున్నాని తీసేసింది. సరిహద్దుల ఫైల్లో మాత్రం అది అక్షరాలుగా ఉంది, సున్నా భద్రంగా ఉంది. రెండూ కలపబోతే రకాలు వేరని ఎర్రర్ వచ్చింది. నేను తొందరపడి అంకెని అక్షరాలుగా మార్చేశాను. ఎర్రర్ పోయింది, కానీ ఒకవైపు నాలుగు అంకెలు, రెండోవైపు ఐదు. ఒక్కటీ కలవలేదు.

ఫైల్ చదివేటప్పుడే కోడ్ కాలమ్‌లన్నీ అక్షరాలుగా చదవమని చెప్పాలి. అప్పటికే పోగొట్టుకుని ఉంటే జెడ్‌ఫిల్ వాడి ముందు సున్నా పెట్టి ఐదు అంకెలకి నింపాలి. ఇకనుంచి ప్రతి మెర్జ్‌లోనూ (రెండు పట్టికలు కలిపే చోట) ఇండికేటర్, వాలిడేట్ అనే తనిఖీలు రెండూ పెడతాను. ఎన్ని వరుసలు కలిశాయో, ఏవి మిగిలాయో అక్కడే తేలిపోవాలి.

జూన్ 14

కోడ్‌లు లేని చోట పేర్లతో కలపాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కొత్త సరిహద్దుల ఫైల్లో పాత జనగణన కోడ్‌లు లేవు. పేర్లు చూస్తే ఇంగ్లీషు స్పెల్లింగులు ఒక్కో ఫైల్లో ఒక్కో తీరు. రాజోలుని జెడ్‌తో రాసినవాళ్ళున్నారు, జేతో రాసినవాళ్ళున్నారు. కె.గంగవరం అని మనం అనే మండలం పాత జాబితాల్లో పామర్రు. కృష్ణా జిల్లాలో ఇంకో పామర్రు మండలం ఉంది. పి.గన్నవరం కోనసీమలో, ఉత్త గన్నవరం కృష్ణాలో. ఐ.పోలవరం సముద్రం దగ్గర, పోలవరం కొండల దగ్గర. స్పెల్లింగు పోలికని బట్టి కలిపే లైబ్రరీ ఒకటి వాడి చూశాను. అది ధైర్యంగా తప్పు మండలానికి అతికించేస్తోంది. పక్కన పెట్టేశాను. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, పాత కోడ్ ఒకవైపు, ఇప్పటి పేరు తెలుగులో ఒకవైపు, చేత్తో రాసుకుంటూ కూర్చున్నాను. రాత్రి పదకొండయింది. ఆ షీట్ మీద నాకిప్పుడు పూర్తి నమ్మకం ఉంది.

జూన్ 15

గౌతమి ఒడ్డున మ్యాప్‌లో చిన్న రంధ్రం కనిపించింది. యానాం. అది పుదుచ్చేరిలో భాగం, ఆంధ్ర ఫైల్లో లేదు. చాలా మ్యాపుల్లో దాన్ని తెల్లగా వదిలేస్తారు. అదే ఏరు, అదే తుపాను, అదే ఉప్పునీరు. జనగణన అడిగిన ప్రశ్నలు కూడా అవే. రాష్ట్రం కోడ్ 34 ఫైల్ తెచ్చి కలిపాను. అరగంట పని.

జూన్ 22

అసలు డెల్టా అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? ఈ ప్రశ్న ముందే వేసుకోవాల్సింది.

పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలని మొత్తంగా తీసుకున్నాను. మండలాలని ఐదు సమాన గుంపులు చేసి రంగులేశాను. రంపచోడవరం, మారేడుమిల్లి, ఇటు బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ అంతా ముదురు రంగు. అక్కడి లేమి నిజం, అది ముదురుగానే కనబడాలి. కానీ అదే మ్యాప్‌లో కింద డెల్టా అంతా ఒకే లేత పసుపు. ఎక్కడా ఏ లోటూ లేనట్టు. ఈ పద్ధతిలో ఎవరి రంగైనా పక్కవాళ్ళని బట్టి ఉంటుంది. ఎవరి పక్కన నిలబెడుతున్నామో దాన్ని బట్టి ఊరు కలిగినది అయిపోతుంది, లేనిదీ అయిపోతుంది.

అందుకని జిల్లా గీతని వదిలి కాలవల్ని పట్టుకున్నాను. ధవళేశ్వరం దిగువన తూర్పు డెల్టా, గౌతమికీ వశిష్ఠకీ మధ్య మధ్య డెల్టా, వశిష్ఠ దాటాక పశ్చిమ డెల్టా. ఈ మూడు కాలవల ఆయకట్టు తగిలే మండలాలే తీసుకున్నాను. మెట్ట, ఏజెన్సీ మండలాలకి విడిగా ఇంకో మ్యాప్. రెంటికీ ఒకే రంగుల పట్టీ ఉండాలని నిర్ణయించుకున్నాను. లేకపోతే పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మోసపోతారు.

అప్పుడు ఐదు సమాన గుంపుల పద్ధతి కూడా పనికిరాదని అర్థమైంది. తేడా అర శాతమే ఉన్నా అది ఐదో వంతు మండలాలని తప్పనిసరిగా ముదురు చేస్తుంది. అంకెల మధ్య సహజంగా ఉన్న ఖాళీలు వెతికే ఫిషర్-జెంక్స్ పద్ధతి ఒక్క మ్యాప్‌కి బాగుంటుంది, కానీ ప్రతి మ్యాప్‌కీ హద్దులు మారిపోతాయి. చివరికి నేనే హద్దులు పెట్టాను: 10, 20, 30, 40 శాతం. మ్యాప్‌క్లాసిఫైలో యూజర్ డిఫైన్డ్ అనే పద్ధతి ఉంది, బిన్స్ (హద్దుల జాబితా) ఇస్తే చాలు. చూడటానికి మ్యాప్ కాస్త నీరసంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. పదిళ్ళలో నాలుగిళ్ళకి లేదు అంటే అర్థం కానివాళ్ళుండరు. నాకు ఆ స్పష్టత ముఖ్యం.

జూన్ 29

ఏది లేకపోతే లేమి అనాలి?

2011లోనే జరిగిన సామాజిక ఆర్థిక కుల గణన పల్లె కుటుంబాలకి ఏడు గుర్తులు పెట్టింది. కచ్చా గోడలూ కప్పూ ఉన్న ఒంటి గది ఇల్లు, పాతికేళ్ళు దాటిన వాళ్ళలో చదువొచ్చిన మనిషి లేకపోవడం, సెంటు భూమి లేక కూలి మీదే బతకడం, ఇలాంటివి. డెల్టాకి ఆ భూమి గుర్తు ప్రాణం లాంటిది. ఇక్కడ పొలం బంగారం, అది ఎవరి పేరున ఉందన్నదే ప్రశ్న. ఊరి స్థాయిలో నా చేతిలో ఉన్న జనగణన పట్టికల్లో భూమి లేదు. ఉన్నవాటిలో ఏరుకోవాలి: కప్పు, గదులు, నీళ్ళ దూరం, కరెంటు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా, టీవీ, ఫోను, సైకిలు లాంటివి ఏమీ లేని ఇళ్ళు, అక్షరాస్యత.

మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా తీసేశాను. స్వచ్ఛ భారత్, జన్‌ధన్ రెండూ 2014లో మొదలయ్యాయి. 2011 అంకె పట్టుకుని ఇవాళ్టి ఊరిని చూపిస్తే ఆ ఊరివాళ్ళకి అన్యాయం.

సాయంత్రం మావయ్య వచ్చారు. వీఆర్వోగా చేసి రిటైరయ్యారు, లంక భూముల కొలతలుండే ఎఫ్ఎంబీ పుస్తకాలు మోసిన మనిషి. లాప్‌టాప్‌లో తాటాకు ఇళ్ళ మ్యాప్ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఈ ఊరు ఇంత లేతగా ఉందేంటమ్మా?"

"ఇక్కడ తాటాకు ఇళ్ళు తక్కువండి మావయ్యా. స్లాబులే ఎక్కువ."

"స్లాబులే మరి. 96 తుపానుకి ఒక్క కప్పు మిగల్లేదు. ఆ తర్వాత కాలనీ ఇళ్ళు కట్టించారు. ఒక్కటే గది. అందులోనే వంట, అందులోనే పడక, కొడుకూ కోడలూ అందులోనే. నీ మ్యాపులో వీళ్ళు బాగున్నట్టా?"

1996 నవంబరు 6 రాత్రి గురించి మా ఇంట్లో ఎవరు మాట్లాడినా గొంతు తగ్గిస్తారు. ఆ తుపానే ఈ అంకెని మార్చేసిందన్న సంగతి నాకు తట్టలేదు. మంచి కప్పు, పెద్ద నష్టం తర్వాత వచ్చిన కప్పు. రాత్రే కప్పు, గదులు కలిపి ఒకే సూచిక చేశాను. కప్పు తాటాకో గడ్డో అయిన ఇళ్ళ శాతం, ఒక గదికి మించని ఇళ్ళ శాతం, రెంటి సగటు. మ్యాప్‌లో ఆ ఊరు రెండు మెట్లు ముదిరింది.

నీళ్ళ సంగతి ఇంకా కష్టం. పల్లెల్లో అర కిలోమీటరు దాటి తెచ్చుకుంటే జనగణన దాన్ని దూరం అంటుంది. సముద్రం వైపు ఊళ్ళలో పెరట్లోనే బోరు ఉంటుంది. పట్టిక ప్రకారం నీళ్ళు ఇంటి ఆవరణలోనే ఉన్నట్టు. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. అన్నం వండితే రంగు మారుతుంది. వేసవిలో కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకుంటారు, అది అడుగంటితే క్యాన్ నీళ్ళు కొనుక్కోవాలి. దూరం అనే ప్రశ్నకి ఈ ఊళ్ళు తప్పుడు జవాబు ఏమీ చెప్పలేదు. ఉప్పు గురించి ఎవరూ అడగలేదు, అంతే. అందుకని దూరం మానేసి, శుద్ధి చేసిన కుళాయి నీరు అందని ఇళ్ళ శాతం తీసుకున్నాను. ఇది కూడా సగం నిజమే. లెజెండ్ (మ్యాప్‌లో రంగుల వివరం) కింద ఆ మాట రాస్తాను.

జూలై 6

ఆఫీసులో స్నేహితురాలు అడిగింది: "ఇది నీతి ఆయోగ్ సూచీలాగే కదా, నువ్వు కూడా బహుముఖ పేదరికం అని పేరు పెట్టొచ్చుగా?"

పెట్టకూడదు. నీతి ఆయోగ్ వాడే ఆల్కైర్, ఫోస్టర్ పద్ధతి ఒక్కో ఇంటినీ పట్టుకుని ఆ ఇంటికి ఏమేం లేవో లెక్క కడుతుంది. ఆ లోట్ల బరువులు (ప్రాధాన్యాలు) కలిపితే మొత్తంలో మూడో వంతో, అంతకంటే ఎక్కువో అయితే ఆ సూచీలో అది పేద ఇల్లు. నా దగ్గర ఉన్నవి ఊరి శాతాలు. ఒక ఊళ్ళో 40 శాతం ఇళ్ళకి కరెంటు లేదు, 40 శాతం ఇళ్ళు తాటాకువి అనుకుందాం. అవి రెండూ ఒకే ఇళ్ళా, వేరు వేరు ఇళ్ళా? ఒకే ఇళ్ళయితే 40 శాతం మంది రెండు దెబ్బలూ తింటున్నారు. వేరైతే 80 శాతం మంది తలా ఒక దెబ్బ తింటున్నారు. రెండూ పూర్తిగా వేర్వేరు ఊళ్ళు, నా పట్టికలో మాత్రం ఒకటే వరుస. కాబట్టి పేరు ప్రాంత లేమి సూచీ. ఏ ఒక్క కుటుంబం గురించీ ఈ మ్యాప్ చూసి మాట్లాడకూడదు.

బరువులు అన్నిటికీ సమానం. ఇంగ్లండ్ వాళ్ళు ఆదాయానికీ ఉపాధికీ చెరో 22.5 శాతం ఇచ్చారు. నా దగ్గర ఆ రెండూ లేనప్పుడు వాళ్ళ బరువులు అరువు తెచ్చుకోవడంలో అర్థం లేదు.

జూలై 12

మండలాల పేర్లు తెలుగులో ఉండాలి. ఈ మ్యాప్ మావయ్య లాంటివాళ్ళు చదవాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి నడిపాను. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు విరిగిపోయాయి. ముమ్మిడివరంలో మ వత్తు కిందకి దిగలేదు. పొల్లు మ్ పక్కన మి నిలబడింది. కొత్తపేటలో త వత్తుదీ అదే గతి. చదువుతుంటే మనసు చివుక్కుమంది.

తప్పు ఫాంట్‌ది కాదు. నా దగ్గరున్న, జియోపాండాస్ బొమ్మలు గీయడానికి వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాలని ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోతుంది. తెలుగు వత్తులని కలిపి కట్టే పని దానికి రాదు. దారి ఏమిటంటే, బొమ్మని పీఎన్‌జీగా కాకుండా ఎస్‌వీజీగా సేవ్ చెయ్యాలి. సెట్టింగుల్లో ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ని నన్ (none) అని పెట్టాలి. అప్పుడు అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఫైల్లో ఉంటాయి, బ్రౌజర్ తెరిచినప్పుడు తనే వత్తులు కట్టుకుంటుంది. అక్కడి నుంచి పీడీఎఫ్‌గా ప్రింట్. ముమ్మిడివరం చక్కగా వచ్చింది. తెలుగులో మ్యాప్ చేసే ప్రతివాళ్ళకీ ఈ ఒక్క లైను కావాలి.

జూలై 20

మండలం నుంచి ఊరికి దిగాను. దిగాల్సిన అవసరం ఎంతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక మండలంలో 12,000 ఇళ్ళు, అందులో లంకలో 300 ఇళ్ళు అనుకుందాం. ఆ 300 ఇళ్ళలో ఒక్కదానికీ కరెంటు లేకపోయినా మండలం అంకె కదిలేది రెండున్నర శాతం. చాలాసార్లు రంగే మారదు.

ఊళ్ళ సరిహద్దుల ఫైల్లో పాలిగన్లు (హద్దు గీతల ఆకారాలు) చాలా చోట్ల తమని తామే దాటుకున్నాయి. మేక్ వాలిడ్‌తో బాగు చేశాను. ప్రొజెక్షన్‌ని (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) మీటర్లలో కొలిచే 32644కి మార్చాను, మన ప్రాంతం యూటీఎం 44 ఉత్తర జోన్‌లో పడుతుంది. డిగ్రీల్లో వైశాల్యం కొలిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. ఊళ్ళని కలిపేటప్పుడు శాతాల సగటు తీయకుండా ఇళ్ళ సంఖ్యతో గుణించి కలిపి, మొత్తం ఇళ్ళతో భాగించాలి. ఇవన్నీ సజావుగా అయ్యాయి.

అమ్మ పుట్టిన లంక పేరు వెతికాను. లేదు.

స్పెల్లింగు మార్చి మార్చి వెతికాను. కోడ్ జాబితా మొత్తం చదివాను. మావయ్యకి ఫోన్ చేశాను.

"అది విడి ఊరు కాదమ్మా. ఒడ్డునున్న ఊరికి శివారు. రెవెన్యూ రికార్డులో ఒకటే గ్రామం. ఏటిగట్టు లోపలి లంకలు చాలా వరకు అంతే."

జనగణన రెవెన్యూ గ్రామాన్నే ఊరుగా తీసుకుంటుంది. గట్టు మీద ఆ ఊళ్ళో బస్టాండు, హైస్కూలు, డాబాలు. గట్టు దిగి పాయ దాటితే మా అమ్మమ్మ ఇల్లు. రెండూ ఒకే వరుసలో, ఒకే శాతంలో. మండలం దగ్గర కలిసిపోయిన లంక ఊరి దగ్గర విడిపోతుందని నమ్మి ఇన్ని వారాలు పని చేశాను. ఆ రాత్రి ఇంక లాప్‌టాప్ తెరవలేదు.

జూలై 27

లెక్క లేకపోతే కనీసం చోటు చూపించవచ్చు. లంకలో ఇళ్ళున్నాయని మ్యాప్ చెప్పాలి.

గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటాలో ఉపగ్రహ చిత్రాల నుంచి గుర్తించిన ఇళ్ళ ఆకారాలున్నాయి. నీటికి యూరోపియన్ కమిషన్ పరిశోధన సంస్థ జేఆర్‌సీ వాళ్ళ ఉపరితల జలాల డేటా ఉంది, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నుంచి 1984 తర్వాత ఎక్కడ ఎంత తరచుగా నీరు నిలిచిందో 30 మీటర్ల గడుల్లో చెబుతుంది. ఊరి పాలిగన్ నుంచి నీటిని ఓవర్లే డిఫరెన్స్‌తో తీసేస్తే ఊరు ముక్కలవుతుంది. ఎక్స్‌ప్లోడ్‌తో ఆ ముక్కలని విడదీసి, ఎస్‌జాయిన్‌తో ఏ ముక్కలో ఎన్ని ఇళ్ళున్నాయో లెక్కపెడతాను. ఒడ్డుకి అతుక్కోకుండా ఇళ్ళున్న ముక్కే లంక.

ఎంత తరచుగా నీరుంటే పాయ అనాలి? ఇక్కడే రెండు రోజులు పోయాయి. ఎప్పుడైనా నీరు చేరిన చోటంతా నీరే అంటే, వరదకి మునిగిన లంక మొత్తం మాయమవుతుంది. ఎప్పుడూ నీరుండే చోటే నీరు అంటే, వేసవిలో ఇసుక మేట వేసే పాయ నేల అయిపోయి లంక ఒడ్డుకి అతుక్కుపోతుంది. సెలవులకి నడిచి వెళ్ళిన దారి, దసరాకి పడవెక్కిన దారి ఒకటే కదా. మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయనకి తెలిసిన లంకలన్నీ విడిగా కనిపించేదాకా ఆ హద్దుని జరుపుతూ వచ్చాను. ఒక్కో లంక విడిపడినప్పుడల్లా ఆయన దాని పేరు పైకి చదివారు.

అలాంటి ముక్కలకి రంగు వెయ్యలేదు. ఒడ్డునున్న ఊరి రంగు వాటికి పులమడం తప్పు. ఏటవాలు గీతలు పెట్టాను. లెజెండ్‌లో ఇలా రాశాను: ఇక్కడ ఇళ్ళున్నాయి, విడిగా లెక్క లేదు.

ఆగస్టు 10

వరద తీసింది. ఏ2 సైజులో ప్రింట్ తీయించి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టుకుని రేవుకి వెళ్ళాను. కాజ్‌వే మీద ఇంకా మోకాలి లోతు నీళ్ళు, బురద. నాటు పడవలో ఆరుగురం, రెండు పాల క్యాన్లు. పడవ నడిపే ఆయన వయసు అరవై దాటి ఉంటుంది. ఒడ్డు చేరాక మ్యాప్ విప్పి పడవ చెక్క మీద పరిచాను.

"ఇది గోదారి కదండీ," అన్నారు. వేలు పాయ వెంబడి నడిపించుకుంటూ వచ్చి గీతల దగ్గర ఆపారు. "ఇది మాదండి. ఆయ్. ఈ గీతలేంటండి?"

చెప్పాను. 2011లో లెక్క రాసుకోవడానికి మనిషి వచ్చారా అని అడిగాను.

"వచ్చారండి. మా ఇల్లు కూడా రాసుకెళ్ళారు. మరి ఇక్కడ లేదంటారేంటి?"

ఉందనీ, ఒడ్డు ఊరిలో కలిపేశారనీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. వచ్చే జనగణనకి 2027 మార్చి 1 తేదీగా ప్రకటించారని చెబితే, పాలవాళ్ళావిడ దగ్గరకొచ్చి వంగి చూసింది. "మాది ఇదమ్మా, మీరు రెండూ కలిపేశారు. మధ్యలో పాయ ఉంది, చిన్నది," అంది. 30 మీటర్ల గడికి ఆ పాయ దొరకలేదు. ఆవిడ రోజూ పాలు పోయడానికి దాన్ని దాటుతుంది.

పెన్ను ఇచ్చాను. పాయ ఎక్కడో ఆవిడ గీసింది. ఆయన శివారుల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే మ్యాప్ అంచున రాసుకున్నాను. పదకొండు పేర్లు. వాటిలో నాలుగు మావయ్య చెప్పినవాటిలో లేవు. ఒక పేరు నేను తప్పు రాస్తే ఆవిడ దిద్దించింది, చివర లంక అని రాయాలట, పాలెం కాదట. శనివారం క్యూజీఐఎస్‌లో ఆ పాయ గీసి, పదకొండు పేర్లూ ఎక్కించాలి.